సున్నా మార్కుల పిల్ల

"సున్నానా?" తండ్రి నోరు వెళ్ళబెట్టాడు.

"ప్రవేశ పరీక్షలో నలభై ప్రశ్నలకి ఒక్కటీ ఒప్పు కాదండీ," అంది హెడ్‌మిస్ట్రెస్. లెక్కల్లో చురుకైన పిల్లల కోసం పెట్టిన సర్కారు బడి అది.

తండ్రికి తల కొట్టేసినట్టయింది. బస్సెక్కిన ప్రతివాళ్ళకీ టిక్కెట్టుతోపాటు కూతురి గొప్పలు కూడా చింపి ఇచ్చిన కండక్టరు మరి!

"పోనీలే నాన్నా," కూతురు ఊరడించింది. "మన వీధి బడిలోనే చేరతాలే. అక్కడైతే మన ఎదురింటి బుజ్జి పక్కన కూర్చోవచ్చు."

హెడ్‌మిస్ట్రెస్ నవ్వింది. "ప్రశ్నకి నాలుగు జవాబులిచ్చి, ఒకదానికి టిక్కు పెట్టమన్నాం. కళ్ళు మూసుకుని పెట్టినా ఓ పదైనా తగులుతాయండీ. ఒక్కటీ తగల్లేదంటే, ఒప్పేదో అన్నిట్లోనూ తెలిసే తప్పించింది. ఇలాంటి పిల్లని వదులుకుంటామా? సీటు ఇచ్చేశాం."

తండ్రి మొహం చేటంత అయింది. అంతలోనే అనుమానం వచ్చి కూతురి వైపు తిరిగాడు.

"కావాలనే తప్పులు పెట్టావుటే?"

పిల్ల కళ్ళనిండా నీళ్ళు.

"బుద్ధి తక్కువై అన్నీ తప్పే పెట్టాను నాన్నా. ఓ పది ఒప్పులు పెట్టి ఉంటే, ఈపాటికి బుజ్జి పక్కనుండేదాన్ని."