ఎనిమిదో కుర్చీ

లెక్కల టీచరుకు కడుపు మండిపోతోంది.

గురువారం చివరి పీరియడు. మెట్ల పక్క గదిలో కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. కౌన్సెలరుగా కొత్తగా చేరిన అమ్మాయి పిల్లలతో సమానంగా కూర్చుంది. ఒక నున్నటి గుండ్రాయి చేతులు మారుతోంది. రాయి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, మిగతావాళ్ళు వినాలి. మనసులు విరిగినచోట మళ్ళీ కలపడానికట. దానికి సర్కిల్ అని పేరు.

"వృత్తం సంగతి లెక్కల టీచర్ని అడగాలి గానీ ఈ పిల్లకేం తెలుసు!" అనుకుంది టీచరు, కిటికీ అద్దంలోంచి చూస్తూ.

లోపలున్న ఆరుగురూ ఆమె క్లాసు పిల్లలే. నత్త, సున్నా, డోలు, కొంగ, బొంగురు, గుడ్లగూబ. బడంతా వాళ్ళను అలాగే పిలుస్తుంది. అసలు పేర్లు హాజరు పట్టీలోనే మిగిలాయి.

మనుషులు ఏడుగురు, కుర్చీలు ఎనిమిది. ఒకటి ప్రతివారం ఖాళీగానే ఉంటోంది. "కూడిక కూడా సరిగ్గా రాదు" అని గొణుక్కుంది.

రాయి నత్త చేతికి వచ్చింది. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టుండే పిల్ల, ఏదైనా అడిగితే తలాడించి ఊరుకునే పిల్ల, ఇక్కడ ఆపకుండా పది నిమిషాలు మాట్లాడింది. మధ్యలో ఏడ్చింది. డోలు తన రుమాలు ఇచ్చాడు. తలుపు వేసి ఉండటంతో ఒక్క ముక్క కూడా బయటికి వినపడలేదు. టీచరుకు ప్రాణం ఉసూరుమంది.

ఇరవై రెండేళ్ళ సర్వీసు ఆమెది. ఆమె క్లాసులో సూది పడితే వినిపిస్తుంది. ఎంతమందిని ఒడ్డుకు చేర్చలేదు! ఒక్కరంటే ఒక్కరు ఆమె దగ్గర ఇలా కూర్చుని ఏడవలేదు. నిన్నగాక మొన్న వచ్చిన ఈ అమ్మాయి ఏం మందు పెట్టిందో!

మర్నాడు క్లాసులో తనే ఒక మెట్టు దిగింది.

"ఏమే నత్తా, ఆ కబుర్లేవో నాకూ చెప్పరాదూ?" అంది నవ్వుతూ.

క్లాసంతా గొల్లుమంది. నత్త మాత్రం తల దించుకుంది. ఆ పూటంతా ఎత్తలేదు.

ఇక లాభం లేదని టీచరు హెడ్మాస్టరు గదికి వెళ్ళింది.

"సార్, ఆ అమ్మాయి నా పిల్లల్ని నాకు కాకుండా చేస్తోంది. నేను వరండాలోకి వస్తే చాలు, మాటలాపేస్తున్నారు. ఆ సర్కిలేదో నాకిచ్చేయండి, నేను నడుపుతా."

హెడ్మాస్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచిందే తుడిచాడు.

"ముందు ఒకసారి వెళ్ళి కూర్చోండి మేడమ్. వాళ్ళూ అదే అడుగుతున్నారు."

"వాళ్ళా?"

"పిల్లలే."

ఆ మాటతో ఆమెకు వారం రోజులు నిద్ర పట్టలేదు. గురువారం ఇస్త్రీ చీర కట్టుకుని మెట్ల పక్క గదికి వెళ్ళింది. ఆరుగురూ లేచి నిలబడ్డారు. కౌన్సెలరు ఎదురొచ్చింది.

"రండి మేడమ్. ఆ కుర్చీ మీదే. మొదటి వారం నుంచీ మీ కోసమే వేస్తున్నాం. పిలవడానికి వీళ్ళకే ధైర్యం చాల్లేదు."

"పిచ్చి మొహాల్లారా, నా దగ్గర భయమేమిట్రా!"

టీచరు కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నాళ్ళ మంట ఇట్టే చల్లారింది. ఎంతైనా తన పిల్లలు తన పిల్లలే. పైపెచ్చు ఆ అమ్మాయి మీద కాస్త జాలి కూడా వేసింది. కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

కౌన్సెలరు రాయి తీసి నత్త అరచేతిలో పెట్టింది. సున్నా నత్త భుజం తట్టాడు.

"చెప్పమ్మా, ఎంతసేపైనా వింటాను" అంది టీచరు, మురిపెంగా.

నత్త మొదటిసారి ఆమె కళ్ళలోకి సూటిగా చూసింది.

"టీచర్, మాకీ పేర్లు పెట్టింది మీరే, తీసెయ్యాల్సిందీ మీరే."