బొమ్మల బేరం

నూకరత్నం డబ్బు తీసుకుని తోడుగా వెళ్ళేందుకు లైసెన్సున్న మనిషి. ఒంటరివాళ్ళు కబుర్లకీ, షికారుకీ, ఆమెకూ ఇష్టమైతే ఇంకాస్త దగ్గరితనానికీ పిలుచుకుంటారు. విశాఖలో ఆ వృత్తివాళ్ళెవరూ ఇప్పుడు ప్రకటనలు సొంతంగా రాసుకోరు. అందరికీ ఉన్నట్టే, నెట్‌వర్క్‌లో ఆమె రూపంతోనే, తనంతట తాను మాట్లాడే ఒక ఏఐ బొమ్మ ఉంది. అదే పోస్టులు పెడుతుంది, అదే కస్టమర్ల బొమ్మలతో మాట్లాడి బేరం కుదురుస్తుంది. మనుషులు నేరుగా మాట్లాడుకోవడం మర్యాద కాదు.

మూడు రోజులుగా ఆ బొమ్మ జోగారావు అనే కస్టమర్ బొమ్మతో ఒకటే కబుర్లు. బుకింగ్ తేలదు, మిగతా కస్టమర్లకు జవాబుండదు. చేపలు కడుగుతున్న నూకరత్నానికి ఒళ్ళు మండింది. చేతులు తుడుచుకుని, మర్యాద పక్కనపెట్టి, నేరుగా ఫోన్ చేసింది.

"ఏటండీ జోగారావుగారూ, మీ బొమ్మ మా బొమ్మని వదలదా? నా పనంతా ఆగిపోయింది!"

"నాదీ అదే గోలండీ. డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకోమంటే ఖాళీ లేదంటోంది."

నూకరత్నం పకపకా నవ్వింది. "అయితే సాయంత్రం బీచికి రండి. మనమే తేల్చుకుందాం."

ఇద్దరూ ఇసకలో కూర్చుని, పొట్లంలో మరమరాల మురీ మిక్చర్ తింటూ బొమ్మలను తనివితీరా తిట్టుకున్నారు. రెండు గంటలు గడిచాయి. అప్పుడు రెండు ఫోన్లూ ఒకేసారి మోగాయి. రెండు బొమ్మలూ ఒకే మాట చెప్పాయి.

"మూడు రోజులు పరిశీలించాం. మీ ఇద్దరికీ పొసగదు. బుకింగ్ కుదరదు."

జోగారావు ముఖం చిన్నబోయింది. "అయితే ఎల్లిపోతారా?"

నూకరత్నం ఫోన్‌ను సంచిలో పడేసి, ఖాళీ పొట్లం అతని చేతిలో పెట్టింది.

"ముందు ఇంకోటి పట్రండి. ఈసారి నిమ్మకాయ గట్టిగా పిండమనండి."