జంట మడత

"అక్కోయ్, నీ సంచీ బాబు వస్తున్నాడు!" పక్క కొట్టులోంచి దర్జీ కేకేశాడు.

ఇస్త్రీ అక్క పెట్టె నిలబెట్టి వీధిలోకి చూసింది. అతనే. మామూలు చొక్కా, చేతిలో గుడ్డసంచీ, నేలచూపులు.

"అబ్బాయి ఫోన్ చేశాడా అక్కా?" అన్నాడు లోపలికి వస్తూనే.

ఎప్పుడొచ్చినా ముందు అదే ప్రశ్న. అక్క ఒక్కగానొక్క కొడుకు సైన్యంలో ఉన్నాడు. కౌంటరు వెనక గోడ మీద కవాతు యూనిఫాంలో, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న వాడి ఫొటో ఉంది.

"నిన్ననే చేశాడు. వచ్చే నెల సెలవు దొరికిందట. ఇక చూడు, ఇల్లు పీకి పందిరేస్తాడు!"

"మంచిది," అన్నాడతను. అప్పుడుగానీ సంచీ తెరవలేదు.

లోపల అచ్చం ఆ ఫొటోలో ఉన్నటువంటి యూనిఫామే. ఇత్తడి బొత్తాలు, ఛాతీ మీద రంగు రంగుల పట్టీలు. దాన్ని ఎప్పుడూ సంచీలోనే తెస్తాడు, సంచీలోనే పట్టుకుపోతాడు. ఒంటి మీద చూసినవాళ్ళు లేరు.

"ఏ బ్యాండులోనో బాకా ఊదుకునేవాడే," అనేవాడు దర్జీ అతను లేనప్పుడు. "సిపాయి అయితే దాచుకోవడం దేనికి?"

అక్క మాత్రం ఆ బట్టల్ని అందరి బట్టల్లా చేసేది కాదు. మీద తడిగుడ్డ పరిచి, ఊపిరి బిగబట్టి చేసేది. ప్యాంటు మడత గీత గీసినట్టు రావాలి. తన కొడుకు బట్టలు అక్కడెవరు చేస్తున్నారో ఏమో, ఇవి చేస్తుంటే వాడివే చేస్తున్నట్టుండేది ఆమెకి.

ఆ రోజు ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"ఇక్కడే వేసుకో బాబూ. వెనక గది ఉంది. ఒక్కసారి చూస్తాను. చేసేదాన్ని నేను, చూసే భాగ్యం లేదా?"

"వద్దక్కా. వీటితో వీధిలో నడవలేను."

"సిగ్గా?"

"సిగ్గు కాదు."

"మరేంటి?"

"అందరూ చూస్తారు."

"చూడ్డానికేగా అవి కుట్టించేది! మావాడు సెలవుకొస్తే కూరగాయలకి కూడా అదే వేసుకుని పోతాడు. వంకాయలమ్మేవాడు సెల్యూట్ కొడితే, ఇంకో కిలో కొనుక్కొస్తాడు!"

దర్జీ పగలబడి నవ్వాడు. అతను నవ్వలేదు.

తన కొడుకు కబుర్లకి నవ్వకపోతే అక్కకి ఒళ్ళు మండుతుంది. పైగా నోటికి తాళం లేని మనిషి.

"వేసుకోడానికి మొహం చెల్లనివాడికి ఆ బట్టలెందుకిచ్చారో!" అనేసింది.

అతను బట్టలు సంచీలో సర్దుకున్నాడు. మడత నలక్కుండా, నెమ్మదిగా.

"నిజమే అక్కా," అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత రాలేదు. అన్న మాట అక్కకే ముల్లులా గుచ్చుకుంది. ఈసారి వస్తే టీ తెప్పించి, నాలుగు మంచి మాటలు మాట్లాడాలనుకుంది.

కొడుకు సెలవు దగ్గరపడింది. వాడి పక్కదుప్పటి ఇస్త్రీ చేస్తోంది అక్క. అప్పుడు దర్జీ కేకేశాడు, సగంలోనే ఆగిపోతూ.

"అక్కా... సంచీ బాబు..."

చేతిలో సంచీ లేదు. యూనిఫాం ఒంటి మీదే ఉంది. ఇత్తడి బొత్తాలు ఎండకి మెరుస్తున్నాయి. వీధి మధ్యలోంచి తిన్నగా నడిచొస్తున్నాడు.

"అయ్యబాబోయ్! మొత్తానికి వేసుకున్నావయ్యా!" అక్క సంబరం ఆపుకోలేకపోయింది. "ఎంత బాగున్నావో! నా దిష్టే తగిలేలా ఉంది. ఇందుకా ఇన్నాళ్ళూ నన్ను ఏడిపించావ్?"

అతను గుమ్మంలో నిలబడిపోయాడు.

అక్క కళ్ళు ప్యాంటు మీదికి జారాయి. మొహం మాడిపోయింది.

"ఇదేంటి, జంట మడత! ఒక కాలికి రెండు గీతలు. ఎవడయ్యా ఆ చేతకానివాడు? నేనేదో నోరు జారితే మాత్రం కొట్టు మార్చేస్తావా? వెనక గదిలోకెళ్ళి విప్పి ఇవ్వు, చిటికెలో సరిచేస్తాను."

అతను కదల్లేదు.

"కోపం పోలేదా? సరే, తప్పు నాదే. ఇంతకీ అడగవేంటి ఇవాళ, అబ్బాయి ఫోన్ చేశాడా అని?"

అతను తల మీది టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

అక్క అతని మొహం చూసింది. గోడ మీది ఫొటో చూసింది. మళ్ళీ అతని మొహం చూసింది.

"లేదు," అంది. "లేదు బాబూ. లేదు."

దుప్పటి కాలుతున్న వాసనొచ్చింది. దర్జీ పరుగున వచ్చి స్విచ్చి ఆపాడు. అతను మోకాళ్ళ మీద కూర్చుని, కూలిపోయిన అక్కని పట్టుకున్నాడు. ఆమె పిడికిళ్ళతో ఆ రంగు పట్టీల మీద కొడుతుంటే కొట్టించుకున్నాడు.

నలుగురు ఆడవాళ్ళు చేరాక దర్జీ బయటికొచ్చాడు. వీధి చివర ఆగి ఉన్న సైన్యం బండి దగ్గరికి నడిచాడు.

"ఆయన ఉద్యోగం ఏంటి బాబూ?" అని డ్రైవర్ని అడిగాడు.

"ఇదే. పోయినవాళ్ళ ఇళ్ళకి కబురు తేవడం. ఆ బట్టలు వీధిలో కనిపిస్తే కొడుకుల్ని పంపిన తల్లులందరి గుండెలూ ఆగిపోతాయని, ఆ ఇంటి దాకా వచ్చాకే బండిలో మార్చుకుంటారు. పోయినవాడికి మర్యాద తగ్గకూడదని ప్రతిసారీ ఇస్త్రీ చేయిస్తారు, ఈవిడ దగ్గరే."

దర్జీకి ఆ జంట మడత గుర్తొచ్చింది. మళ్ళీ అడిగాడు.

"మరి ఇవాళ ఎవరు చేశారు?"

"ఆయనే చేసుకున్నారు, చేతకాకపోయినా. నేను పట్టుకెళ్తానంటే, 'కొడుకు పోయాడని చెప్పడానికెళ్ళే బట్టలు ఆ తల్లి చేతే ఇస్త్రీ చేయించమంటావా?' అన్నారు."