బక్కయ్య చెప్పిన విభక్తులు

"ఎవ్‌దెన్ అంటే ఇంట్లో..." రుచిత మళ్లీ తప్పు చదివింది.

"గట్ల కాదు బిడ్డా. ఎవ్‌దెన్ అంటే ఇంటి నుంచి" అన్నాడు పక్క గది ముసలాయన.

రుచిత విసుగ్గా తలెత్తింది.

సూరత్, పర్వత్ పాటియాలో వరసగా పది గదులు, అన్నిటికీ ఒకటే వరండా. లాక్‌డౌన్ మొదలై నెల. నాన్న నడిపే మగ్గాలు ఆగిపోయాయి. బట్టల ఎగుమతి ఆఫీసులో టర్కీ భాష వచ్చిన మనిషి కావాలన్నారు. పదిహేను రోజుల్లో ఫోన్లో పరీక్ష.

రుచిత ఆ భాషను ఆర్నెల్లుగా నేర్చుకుంటోంది. విభక్తుల దగ్గరే చతికిలబడింది.

"నీకెట్ల తెల్సు తాతా?"

"ఆ దేశంల రెండేండ్లు మగ్గాలు బాగుచేసిన."

పేరు బక్కయ్య. ఒక్కడే ఉంటాడు. ఎవరితోనూ మాట కలపడు.

"ఎవ్ అంటే ఇల్లు. ఇంటికి, ఎవె. ఇంట్ల, ఎవ్‌దె. మన తెలుగు లెక్కనే బిడ్డా. మాట ఎన్క తోక తగిలియ్యాలె, గంతే."

ఆ రోజు నుంచి ఎవరి గుమ్మంలో వాళ్లు కూర్చునే పాఠం.

క్రియల దగ్గర రుచిత మళ్లీ అలసిపోయింది.

"వచ్చిండు అనెటందుకు రెండు మాటలెందుకు తాతా? గెల్ది ఒకటి, గెల్మిష్ ఒకటి?"

"కండ్లార చూస్తె గెల్ది, వచ్చిండు. ఎవలన్న చెప్తె ఇన్నవనుకో, గెల్మిష్. వచ్చిండట."

"అరె, మన 'అట'నా!" చాలా రోజులకు నవ్విందామె.

ఆయనా నవ్వబోయాడు. దగ్గు అడ్డొచ్చింది.

మూడో రోజు అంబులెన్స్ వచ్చింది. బక్కయ్య తనే నడిచి ఎక్కాడు.

రుచిత పరీక్ష పాసైంది. ఆ సంగతి చెబుదామని నాన్న దగ్గరికి వెళ్తే, ఆయన అప్పుడే ఫోన్ పెట్టేస్తున్నాడు.

"బక్కయ్య పోయిండట బిడ్డా."

శవాన్ని ఎవరికీ చూపించలేదు.

ఆసుపత్రికి ఆయన ఇచ్చిన చిరునామా వీళ్లదే. వారానికి ఆయన ఫోన్ ప్లాస్టిక్ కవర్లో ఇంటికి చేరింది. చార్జింగ్ పెట్టగానే మోగింది.

ఎవరో ఆడమనిషి. టర్కీ భాషలో అడిగింది. "బక్కయ్య బాబా ఉన్నాడా?"

బాబా అంటే వాళ్ల భాషలో నాన్న.

రుచిత చెప్పింది. "ఒల్ముష్." పోయారట.

అవతల ఏడుపు.

ఏడుపు తగ్గాక రుచిత అడిగింది. "మీ నాన్నగారా?"

"కాదు. మా నాన్న భూకంపంలో పోయాడు." ఆమె చిన్న చిన్న మాటల్లో, రుచితకు అర్థమయ్యేలా చెప్పింది. "అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. కూలిన ఇంటి కింద ఇరుక్కుపోయాను. ఆయన మా ఊరికి అప్పుడే కొత్తగా వచ్చాడు. మా భాషలో ఆయనకు వచ్చింది ఒక్కటే మాట, 'ఇదేంటి'. నేను నిద్రపోతే ఇక లేవనని భయపడి, రెండు రోజులు ఆ రాళ్ల మీద బోర్లా పడుకుని, సందులోంచి కాలి చెప్పు, సీసా, తన చెయ్యి చూపిస్తూ, నేను పేరు చెప్పేదాకా అదే మాట అడుగుతూనే ఉన్నాడు."