అన్నయ్య కట్టిన మట్ట

సమస్త జనులకూ తెలియజేయడమేమనగా, మా వదిన గోడమీది ఎండుమట్ట నాకు ఇచ్చేసింది!

నిరుడు మట్టల ఆదివారం నాడు గుడిలో ఇచ్చిన ఆ మట్టను అన్నయ్యే ఇంట్లో గోడమీది సిలువకు కట్టాడు. ఆ వానాకాలంలోనే పోయాడు. ఇళ్లలోని పాత మట్టలు కాల్చిన బూడిదే విభూతి బుధవారం అందరి నుదుటా పెడతారు. గుడి తరఫున ఇల్లిల్లూ తిరిగి వాటిని పోగుచేసేది నేనే.

"ఆయన వేసిన ముడి, మరిదిగారూ. విప్పను," అంది వదిన.

"ఇవ్వకపోతే నీ పొయ్యిలో బూడిద ఎత్తుకుపోతా వదినా!"

"మనిషిని మట్టిలో పెట్టారు, ఊరుకున్నా. దీన్నీ కాల్చేస్తారా?"

"కాలిస్తేనేగా అన్నయ్య నీ నుదుటి మీదికి వచ్చేది!"

నవ్వి, ముడి విప్పింది.

అన్నయ్య పోవడం నిజం. ముడి నిజం. ఆ మాటలూ, నవ్వూ, ఇవ్వడమూ నేను కల్పించినవే. నిజానికి నన్ను గుమ్మంలో చూడగానే వదిన సిలువకు అడ్డంగా నిలబడింది. అడగడానికి నాకు నోరు రాలేదు.