ఉప్పు చూడని పూట

ఎర్రన్న అటూ ఇటూ చూసి, పిడికిట్లో ఉన్న మెత్తటి ఉప్పంతా కనీజ్ కారం చిప్సు గంపలో గుమ్మరించాడు. కందగడ్డ, అదే చిలగడదుంప చిప్సు విరిగిపోకుండా చెయ్యి పెట్టి కలియతిప్పాడు. పైన ఆకుపచ్చ గుడ్డ ఎప్పటిలాగే కప్పేసి, పసుపు గుడ్డ కప్పిన, అచ్చం అలాంటిదే అయిన తన గంప దగ్గరికి వచ్చి, ఏమీ ఎరగనట్టు మీసం దువ్వుకున్నాడు.

కనీజ్ నమాజు కోసం టాకీసు వెనక ఉన్న తన ఇంటికి పోయింది. ఎర్రన్న తల్లి హన్మవ్వ టాకీసు మెట్ల మీద, కొంగు ముఖాన వేసుకుని గోడకు ఒరిగి ఉంది. ఇంకెవరూ లేరు.

ఆ ఏడు శివరాత్రి రంజాన్ నెలలోనే వచ్చింది. బోధన్‌లో ఏ గడపలో చూసినా అయితే రోజా, కాకపోతే ఒక్కపొద్దు. పొద్దు గూకేదాకా కనీజ్ గుటక కూడా మింగదు, ఇక ఉప్పేం చూస్తుంది? ఎర్రన్న ధైర్యం అదే.

టాకీసు మేనేజరు బాపురావు ఇద్దరి చిప్సూ తిని చూస్తానన్నాడు. ఎవరివి బాగుంటే టాకీసు లోపలి కొట్టు వాళ్ళదే. ఇక ఎండల్లో, వానల్లో గేటు బయట గొంతు చించుకునే బాధ ఉండదు. పైగా ఇవాళ జాగారం ఆటలు, చక్కెర ఫ్యాక్టరీకి వచ్చిన చెరుకు బండ్ల వాళ్ళంతా ఇక్కడే ఉంటారు. ఎర్రన్నకు తన చిప్సు మీద నమ్మకం లేక కాదు, కనీజ్ చిప్సు అంటే భయం.

"అవ్వా, గంపలు సూస్తుండు. మేనేజర్ సాబ్‌ను తోల్కొస్త" అన్నాడు.

"పో బిడ్డా" అంది హన్మవ్వ కొంగులోంచే.

బాపురావుకు దేవుడి మీద నమ్మకం తక్కువ, తిండి మీద ఎక్కువ. ఊళ్ళో ఆ పూట ఉపవాసం లేని నోరు ఆయనదొక్కటే. కుర్చీ వేయించుకుని దర్జాగా కూర్చున్నాడు. అప్పటికి కనీజ్ కూడా వచ్చి, తల మీద దుపట్టా సర్దుకుని నిలబడింది.

ముందు డబ్బాల్లోంచి బెల్లం పాకం పట్టిన చిప్సు తీసి పళ్ళెంలో పెట్టారు. ఎర్రన్న పాకంలో శొంఠి వేశాడు, కనీజ్ యాలకులు వేసింది. బాపురావు ఇవి రెండు, అవి రెండు నమిలి తల ఊపాడు.

"శొంఠివి గొంతుకు మంచిగున్నయ్, ఇలాయిచీవి ముక్కుకు మంచిగున్నయ్. గీటితోని తేలేటట్టు లేదు. కారంవి తెండ్రి."

ఆకుపచ్చ గుడ్డ తీసి, గుప్పెడు చిప్సు తీసుకున్నాడు. ఎర్రన్న ఊపిరి బిగబట్టాడు. ఇప్పుడు ఉమ్ముతాడు. ఇదిగో, ఇప్పుడే ఉమ్ముతాడు.

బాపురావు కళ్ళు మూసుకున్నాడు.

"వారెవ్వా! చిప్స్ అంటే గిట్లుండాలె. కారం ఎన్కనే పులుపు తగుల్తుంది. మామిడి ఒరుగులు దంచి చల్లినవా కనీజ్? వాము సుత ఉంది!"

ఎర్రన్నకు నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఒరుగులు దంచింది తను. అరచేతిలో వాము నలిపింది తను.

"వామా?" కనీజ్ తెల్లబోయింది. "నేను వాము వెయ్యలే సాబ్. ఎండుకారం, జీలకర్రనే చల్లిన."

బాపురావు వినిపించుకోలేదు. అప్పటికే పసుపు గుడ్డ గంపలోవి నోట్లో వేసుకున్నాడు. మరుక్షణం లేచి గోడ పక్కకు పరిగెత్తాడు.

"థూ! థూ! కందగడ్డకు ఉప్పు పెట్టినవా, ఉప్పుకు కందగడ్డ పెట్టినవా ఎర్రన్నా? మనుషులు తినాల్నా వద్దా?"

తన చిప్సు గెలిచాయి, తను ఓడిపోతున్నాడు. ఎర్రన్న ఇక ఆగలేకపోయాడు.

"సాబ్! గా మంచియి నావి! వాము వేసింది నేను. గుడ్డలు మారినయ్!"

"మరి గీ ఉప్పుయి?"

"కనీజ్‌వి. రోజా ఉంది గద, రుచి సూసుకోలే. చెయ్యి జారినట్టుంది."

"గుడ్డలెట్ల మారినయ్?"

"ఎవలకెరుక సాబ్. గాలికి లేసిపోతే ఎవలో తీసి కప్పిండ్రు గావొచ్చు."

కనీజ్ పసుపు గుడ్డ గంపలోంచి ఒక ముక్క తీసి వాసన చూసింది. జీలకర్ర. ఆమె ముఖం పాలిపోయింది.

"నావే సాబ్" అంది మెల్లగా. "అంత ఉప్పు ఎట్ల పడ్డదో నాకు సమజైతలేదు. గని జీలకర్ర నాదే. గలతీ నాదే. ఎర్రన్నవే మంచిగున్నయ్. కొట్టు అన్నకే ఇయ్యండి."

బాపురావు ఆమెను ఎగాదిగా చూశాడు. నిట్టూర్చి జేబులోంచి తాళంచెవి తీశాడు. ఎర్రన్నకు ఒక్క క్షణం సిగ్గేసింది. కానీ తాళంచెవి అంత దగ్గరికి వచ్చాక సిగ్గు ఎంతసేపు నిలుస్తుంది? చెయ్యి చాపాడు.

"ఆగు సాబ్."

హన్మవ్వ మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచింది. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి, మెట్లు దిగి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. ఎర్రన్న చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"గుడ్డలు గాలికి మారలే సాబ్" అంది కొడుకు కళ్ళలోకి చూస్తూ. "ఎవలు గుమ్మరించిన ఉప్పు వాళ్ల గంపలనే ఉండాల్నని, గంపలు అటీటు జరిపి నేనే మార్చిన."