పొడిపొడి జరీష్

రంజాన్ పండగ పూట జరీష్ పొడిపొడిగా వచ్చింది.

మూత తీసి చూసిన మేడమ్ మొహం ఎర్రబడింది.

"ఇదేంటి?" అంది అరబ్బీలో.

ఏం తప్పు జరిగిందో పనిమనిషి మహబూబ్బీకి అర్థం కాలేదు. జరీష్ అంటే పగలగొట్టిన గోధుమలు. ప్రొద్దుటూరు దగ్గర పుట్టి పెరిగిన మనిషికి గోధుమరవ్వ కనిపిస్తే చెయ్యి ఊరుకుంటుందా? దోరగా వేయించింది. ఆవాలు, ఎండుమిరపకాయలతో తాలింపు పెట్టింది. పొద్దున్నే ఖర్జూరం తోట నుంచి వచ్చిన లేత సోయకూర, కొత్తిమీర సన్నగా తరిగి కలిపింది. ఎక్కడా ఉండ కట్టకుండా దించి, తనలో తనే మురిసిపోయింది కూడా.

కానీ సౌదీలోని ఈ ఉనైజాలో జరీష్‌ని మజ్జిగ పోసి, గరిటె జారేంత మెత్తగా ఉడికిస్తారు. ఆకుకూర ఆ ముద్దలోనే మగ్గాలి. పైగా ఈద్ నాడు ప్రతి ఇంటి నుంచీ ఒక పళ్లెం వీధిలోకి వెళ్లాలి. రోడ్డు మీద పరిచిన తివాచీల చుట్టూ కూర్చుని, అందరూ అందరి వంటలూ రుచి చూస్తారు. మేడమ్ ఇంటి జరీష్‌కి వీధిలో పెద్ద పేరు.

మేడమ్ ఇస్త్రీపెట్టె వైరు ఊడబీకి చేతికి చుట్టుకుంది.

ఆమె రెండడుగులు వేసేలోపే మహబూబ్బీ వీపు మీద ఫెళ్లున దెబ్బ పడింది. వైరు కాదు, ఎండిన ఖర్జూరపు మట్ట.

ఖాలా!

వంటింటి పక్క గదిలో ఉండే ముసలామెను ఇంట్లో అందరూ అలాగే, పిన్నీ అని పిలుస్తారు. "మా అత్తగారి కాలం మనిషి" అని మేడమ్ చెప్పింది. అత్తగారి చెల్లెలు కాబోలు అనుకుంది మహబూబ్బీ. పనికి కుదిరిన రోజు నుంచీ ఇదే వరస. కప్పు పగిలినా, చొక్కా మాడినా మేడమ్ కంటే ముందు ఈ ముసలిది ఎగబడేది. కొట్టడానికి కూడా వంతు లాక్కునే మనిషిని ఎక్కడైనా చూశామా?

"ఇబ్కీ!" అంటూ, ఏడవమని అరబ్బీలో అరుస్తూ ఖాలా ఇంకోటి వేసింది.

మహబూబ్బీ పళ్లు బిగించింది. తండ్రి బెల్టు తెంపినా ఏడవని మొండిఘటం. ఏడవలేదు కానీ తెలుగులో తిట్టింది. ఇక్కడ ఎవరికి అర్థమవుతుందిలే అని ఎప్పుడూ నోరారా తిట్టేది.

"నీ చేతులు పడిపోనూ! యాడ దొరికినావే ముసల్దానా నాకు?"

మేడమ్ వెనక్కి తగ్గి హాల్లోకి వెళ్లింది. అక్కడి నుంచే గట్టిగా అడిగింది.

"దాని గొంతు వినపడదేం? నేను రానా?"

"వద్దు, వద్దు!" అంటూ ఖాలా జరీష్‌లో గబగబా మజ్జిగ, నీళ్లు కుమ్మరించి మంట పెంచింది. మళ్లీ మట్ట అందుకుంది. ఈసారి చెయ్యి ఆగలేదు. భుజం, వీపు, మోచెయ్యి.

"ఇబ్కీ! ఇబ్కీ!"

జరీష్ కుతకుత ఉడుకుతోంది.

మహబూబ్బీకి కళ్లు బైర్లు కమ్మాయి. మట్ట లాక్కుని రెండు చేతులతో బలంగా నెట్టింది.

ముసలామె వెళ్లి పొయ్యి మీద పడింది. గిన్నె ఆమె మీదే బోర్లా పడింది. మెడ నుంచి పొట్ట దాకా సలసల కాగే జరీష్.

ఆ అరుపుకి వీధిలో తివాచీలు పరిచేవాళ్లు కూడా పరుగెత్తుకొచ్చారు.

అంబులెన్సు వెళ్లాక మేడమ్ తలుపు వేసింది. ఆ రోజు మొదటిసారి వైరు మహబూబ్బీ వీపుకి తగిలింది. రెండో దెబ్బకే చర్మం చీలి రక్తం కారింది. ఇన్ని నెలలుగా మట్టతో తిన్న దెబ్బలకు ఒక్క చుక్క కూడా కారలేదని అప్పుడు గుర్తొచ్చింది. అయినా ముసలిదాని మీద కోపం తగ్గలేదు.

మర్నాడు మేడమ్ మహబూబ్బీని ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఖాలా దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. కాలిన గాయాలు లోతుగా దిగాయని, ఈ పూట గడవడం కష్టమని డాక్టరు చెప్పాడు.

మేడమ్ మంచం మీదికి వంగింది.

"నిజం చెప్పు. ఇది తోసింది కదూ? పోలీసుల్ని పిలుస్తాను."

మహబూబ్బీకి ఊళ్లో పిల్లలు కళ్ల ముందు మెదిలారు. జైలు తప్పదు.

ఖాలా కళ్లు తెరిచింది.

"నా కాలే జారింది" అంది అరబ్బీలో.

మేడమ్ విసురుగా వెళ్లిపోయింది.

మహబూబ్బీ మంచం దగ్గరికి జరిగింది. నర్సు చెప్పినట్టు, దుప్పటి మార్చడానికి ముసలామెను మెల్లగా పక్కకి ఒత్తిగిలించింది. గౌను వెనక ముడి విడిపోయింది.

కాలని ఆ వీపంతా పాత చారలే. పొడుగ్గా, సన్నగా, వైరు చారలు. నిన్న తన వీపు మీద పడినట్టివే.

"అల్లా! నిన్నెవురు కొట్టినారే యిట్లా?" అంది తనలో తనే, తెలుగులో.

గోడ వైపు తిరిగి ఉన్న ముసలామె పెదవులు కదిలాయి.

"ఆయమ్మ అత్త. నేనూ నీ మాదిరే ఏడ్సకుండా మొండికేస్తి. ఏడ్సిందాకా కొట్న్యారు. అందుకే నిన్ను ఏడ్సమంటి. ఏడుపు యినపడితే వైరు ఎత్తరు."

మహబూబ్బీ మంచం అవతలికి వెళ్లి ఆమె మొహంలోకి వంగి చూసింది.

"నా మొదటి జరీష్ గూడా పొడిపొడిగానే వచ్చిండె పాపా."